ప్రమాణానికి లైసెన్సు: ఓగ్ వోర్బిస్ నిర్ణయం (2001) – ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఒక సాఫ్ట్‌వేర్ ఫార్మాట్‌ను బహిరంగ ప్రమాణంగా నిలపదలచినవారు దానికి ఏ లైసెన్సు ఇవ్వాలన్న ప్రశ్నను తప్పించుకోలేరు. ప్రోగ్రాము స్వేచ్ఛను కాపాడే లైసెన్సే ఫార్మాట్ స్వేచ్ఛను కూడా కాపాడుతుందా? ఈ ప్రశ్నకు ఆచరణలో సమాధానం వెదకిన ఘట్టాలలో ఓగ్ వోర్బిస్ ధ్వని ఫార్మాట్ చరిత్ర ముఖ్యమైనది. 2001 ఫిబ్రవరిలో దాని నిర్మాతలు తమ లైబ్రరీలను కాపీలెఫ్ట్ లైసెన్సు నుండి బీఎస్‌డీ తరహా లైసెన్సుకు మార్చారు. ఆ నిర్ణయపు నేపథ్యాన్నీ, దానిలోని తర్కాన్నీ, ఫలితాలనూ, పరిమితులనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఫార్మాట్‌కు సంబంధించిన లైసెన్సు ప్రశ్న ఒకటి కాదనీ, పత్రం, కోడ్, పేటెంటు, పేరు అనే నాలుగింటికి నాలుగు వేర్వేరు సమాధానాలు అవసరమనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: బహిరంగ ప్రమాణం, ఫార్మాట్, కాపీలెఫ్ట్, బీఎస్‌డీ లైసెన్సు, పేటెంటు, ఓగ్ వోర్బిస్, ఓపస్.

1. ఉపోద్ఘాతం

ఇరవై, ముప్పై ఏళ్ల క్రితం డీటీపీ కేంద్రాలలో కూర్చిన తెలుగు గ్రంథాల ఫైళ్లను ఇప్పుడు తెరిస్తే, నాటి ఫాంటు లేనిచోట తెలుగు అక్షరాలకు బదులు అర్థంలేని రోమను గుర్తులు కనిపించడం పరిశోధకులకు పరిచితమైన అనుభవమే. ఫైలు చెడిపోలేదు. అందులోని సంఖ్యలన్నీ భద్రంగానే ఉన్నాయి. ఏ సంఖ్య ఏ అక్షరాన్ని సూచిస్తుందన్న ఒప్పందం మాత్రం ఒకానొక ఫాంటుకు కట్టుబడి ఉండిపోయింది. ఫార్మాట్ అంటే స్థూలంగా ఇదే: రాసిన యంత్రానికీ చదివే యంత్రానికీ మధ్య కుదిరిన ఒప్పందం. అక్షరమైనా, చిత్రమైనా, ధ్వనియైనా యంత్రంలో నిలిచేది ఇటువంటి ఒప్పందం మీదనే.

ఈ ఒప్పందం ఎవరి సొత్తు? దానిని చదివే ప్రోగ్రామును ఎవరు రాయవచ్చు? మార్చే అధికారం ఎవరిది? ఈ ప్రశ్నలకు చట్టపరమైన సమాధానమే లైసెన్సు. లైసెన్సుల చర్చ తరచుగా ప్రోగ్రాముల చుట్టూ సాగుతుంది. ఫార్మాట్ల విషయంలో అదే చర్చను యథాతథంగా అన్వయించడం కనిపిస్తుంది. కాని ప్రోగ్రాముకూ ఫార్మాట్‌కూ మౌలికమైన భేదం ఉంది. ఒక ప్రోగ్రామును పదిమందే వాడినా అది స్వేచ్ఛా ప్రోగ్రాముగా మనగలుగుతుంది. ఫార్మాట్‌కు అది చాలదు. దానిని చదవగల పరికరాలు లోకంలో విస్తరించకపోతే, ఎంత స్వేచ్ఛగా ఉన్నా అది ప్రమాణం కాజాలదు. ఈ భేదం వల్ల లైసెన్సు ఎంపికలో ఏర్పడే ఘర్షణను వోర్బిస్ చరిత్ర స్పష్టంగా చూపుతుంది.

2. నేపథ్యం: చూడగలిగినా వాడుకోలేని ప్రమాణాలు

వోర్బిస్‌కు ముందు రెండు అనుభవాలు సాఫ్ట్‌వేర్ నిర్మాతలకు పాఠాలయ్యాయి. మొదటిది గిఫ్ చిత్ర ఫార్మాట్. కాంప్యుసర్వ్ సంస్థ 1987లో దీనిని ప్రకటించి, నిర్దేశ పత్రాన్ని అందరికీ అందుబాటులో ఉంచింది. అయితే ఇందులో వాడిన ఎల్‌జెడ్‌డబ్ల్యు అనే సంపీడన పద్ధతిపై అమెరికాలో 1985లో మంజూరైన పేటెంటు యునిసిస్ సంస్థ చేతిలో ఉంది. గిఫ్‌ను ఉపయోగించే సాఫ్ట్‌వేర్ నిర్మాతలు ఆ పేటెంటుకు లైసెన్సు పొందాలని 1994 డిసెంబరులో ప్రకటన వెలువడింది. అప్పటికి గిఫ్ విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. దానికి ప్రత్యామ్నాయంగా 1995 జనవరిలో థామస్ బౌటెల్ తొలి ముసాయిదాతో ఆరంభమైన కృషి పీఎన్‌జీ ఫార్మాట్‌గా రూపొంది, 1996 అక్టోబరులో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం సిఫారసుగా వెలువడింది. పీఎన్‌జీని చదివే, రాసే నమూనా లైబ్రరీలను ఎవరైనా ఏ ఉత్పత్తిలోనైనా కలుపుకొనే ఉదారమైన షరతులతో విడుదల చేశారు.

రెండవది ఎంపీ3. మూవింగ్ పిక్చర్ ఎక్స్‌పర్ట్స్ గ్రూపు రూపొందించిన ధ్వని ప్రమాణంలోని మూడవ అంచె ఇది. 1993లో అంతర్జాతీయ ప్రమాణంగా ప్రచురితమైంది. దీని రూపకల్పనలో జర్మనీలోని ఎర్లాంగెన్‌కు చెందిన ఫ్రౌన్‌హోఫర్ సంస్థ పాత్ర ప్రధానమైనది. ప్రమాణ పత్రాన్ని ఎవరైనా కొనుక్కొని చదవవచ్చు. నమూనా ప్రోగ్రాము సోర్సు కోడ్ కూడా అందుబాటులో ఉండేది. లేమ్ అనే ప్రసిద్ధ ఎన్‌కోడర్ 1998లో ఆ కోడ్‌కు చేసిన సవరణల రూపంలోనే మొదలైంది. అంటే పత్రం కనబడుతోంది, కోడ్ కనబడుతోంది. అయినా 1998 సెప్టెంబరులో ఎంపీ3 సాఫ్ట్‌వేర్ నిర్మాతలకు ఫ్రౌన్‌హోఫర్ నుండి లేఖలు అందాయి. ఎన్‌కోడర్లు, డీకోడర్లు పంపిణీ చేయాలన్నా అమ్మాలన్నా పేటెంటు లైసెన్సు అవసరమన్నది వాటి సారాంశం.

దీని ప్రభావం చిన్న నిర్మాతలకే పరిమితం కాలేదు. 2002లో వెలువడిన రెడ్ హ్యాట్ లినక్స్ 8.0 నుండి ఎంపీ3ని వినిపించే సదుపాయాన్ని ఆ సంస్థ తొలగించింది. ప్రతి ప్రతికీ రుసుము లెక్కగట్టే పద్ధతి, ఎవరైనా ఉచితంగా నకలు తీసి పంచుకోగల సాఫ్ట్‌వేర్‌తో పొసగదు. ఎన్ని ప్రతులు ఉన్నాయో పంచినవారికే తెలియనప్పుడు రుసుము లెక్క ఎవరు చెప్పాలి?

ఈ రెండు ఉదంతాల నుండి తేలేది ఒకటే. ప్రమాణ పత్రం చదవడానికి దొరికినంత మాత్రాన, సోర్సు కోడ్ కనిపించినంత మాత్రాన ఫార్మాట్ స్వేచ్ఛాయుతం కాదు.

3. వోర్బిస్ ఆవిర్భావం, తొలి లైసెన్సు

క్రిస్ మాంట్‌గొమరీ 1993 నుండే ధ్వని సంపీడనంపై ఓగ్ పేరుతో పనిచేస్తున్నాడు. 1998 నాటి లేఖల తరువాత ఆ కృషి స్పష్టమైన లక్ష్యాన్ని సంతరించుకొంది. పేటెంటు రుసుము అవసరంలేని, ఎంపీ3కి దీటైన ఫార్మాట్‌ను నిర్మించడమే ఆ లక్ష్యం. దీని నిర్వహణకు జిఫ్ డాట్ ఆర్గ్ ఫౌండేషన్ ఏర్పడింది. ఇందులో రెండు భాగాలను వేరుచేసి చూడాలి. ఓగ్ అనేది ధ్వనిని మోసుకెళ్లే సంచి వంటిది. వోర్బిస్ అనేది ఆ సంచిలో ఉండే, కుదించిన ధ్వని. 2000 మేలో వోర్బిస్ ఫార్మాట్‌ను స్థిరపరిచారు. అంటే ఆనాటి నుండి తయారైన ఫైళ్లు భవిష్యత్తులోని డీకోడర్లలోనూ వినిపించాలన్న హామీ ఇచ్చారు. 1.0 సంచిక 2002 జులైలో వెలువడింది.

తొలి విడుదలలలో వోర్బిస్ లైబ్రరీలకు ఎల్‌జీపీఎల్ లైసెన్సు ఉండేది. రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో స్థాపించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ రూపొందించిన లైసెన్సులలో ఇది ఒకటి. వాటి మూలసూత్రమైన కాపీలెఫ్ట్‌ను ఇలా సంగ్రహించవచ్చు: స్వేచ్ఛగా పొందినదానిని మార్చి పంచేవారు అదే స్వేచ్ఛను ఇతరులకూ ఇవ్వాలి. జీపీఎల్ ఈ షరతును ప్రోగ్రాము మొత్తానికి వర్తింపజేస్తుంది. ఎల్‌జీపీఎల్ కొంత సడలింపు ఇస్తుంది. లైబ్రరీని యాజమాన్య ప్రోగ్రాముతో కలుపుకోవచ్చు. అయితే లైబ్రరీలో చేసిన మార్పులను బయటపెట్టాలి, వినియోగదారుడు సవరించిన లైబ్రరీని ఆ ప్రోగ్రాముతో తిరిగి జోడించుకొనే వీలు కల్పించాలి.

మేజామీది కంప్యూటరులో ఈ రెండవ షరతు పెద్ద చిక్కు కాదు. అక్కడ లైబ్రరీ వేరే ఫైలుగా ఉంటుంది, మార్చుకోవచ్చు. జేబులో పట్టే పాటల పెట్టె సంగతి వేరు. దానిలోని ప్రోగ్రామంతా ఒకే ముద్దగా చిప్పులో నిక్షిప్తమై ఉంటుంది. లైబ్రరీని విడదీసి మరొకటి జోడించే మార్గం ఇవ్వాలంటే తయారీదారు తన ప్రోగ్రాము భాగాలను వినియోగదారునికి అందించాలి. దానికి సిద్ధపడే తయారీదారులు అరుదు. వోర్బిస్ నిర్మాతల ముందు నిలిచిన సంకటం ఇదే. మార్పులు మూతపడకుండా కాపాడే షరతే ఫార్మాట్ వినిపించవలసిన పరికరాల తలుపులను కూడా మూస్తోంది.

4. 2001 ఫిబ్రవరి నిర్ణయం

2001 ఫిబ్రవరిలో నాలుగవ బీటా విడుదలతోపాటు జిఫ్ సంస్థ తన లైబ్రరీలను బీఎస్‌డీ తరహా లైసెన్సుకు మార్చింది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ లైసెన్సు చాలా క్లుప్తమైనది. కాపీరైటు ప్రకటననూ, బాధ్యతా నిరాకరణనూ నిలిపి ఉంచాలి; సంస్థ పేరునుగాని సహకరించినవారి పేర్లనుగాని అనుమతి లేకుండా తమ ఉత్పత్తికి ఆమోదముద్రగా వాడరాదు. ఇంతకుమించి పెద్ద షరతులు లేవు. కోడ్‌ను యాజమాన్య ఉత్పత్తిలో కలుపుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్పులను దాచుకోవచ్చు.

ఈ మార్పుకు స్టాల్‌మన్ బహిరంగంగా మద్దతు తెలపడం చరిత్రకారుడు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం. లైబ్రరీలకు సైతం ఎల్‌జీపీఎల్ కంటే జీపీఎల్ వాడడమే చాలా సందర్భాలలో మేలని 1999లో వాదించినవాడాయన. కాపీలెఫ్ట్‌ను తేలికగా వదులుకొనే వ్యక్తి కాదు. ఆయన మద్దతు వెనుక ఉన్న తర్కం ఇది: కంపెనీలు ఈ కోడ్‌ను తమ ఉత్పత్తులలో వాడితే వోర్బిస్ విస్తరిస్తుంది, అది విస్తరించకపోతే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడే ప్రజలకు నిషిద్ధమైన ఇతర ఫార్మాట్లే లోకాన్ని ఏలుతాయి. ఇందులో సిద్ధాంతాన్ని విడిచిపెట్టడం కంటే లక్ష్యాన్నీ సాధనాన్నీ వేరుచేసి చూడడమే కనిపిస్తుంది. వినియోగదారుని స్వేచ్ఛ లక్ష్యం. కాపీలెఫ్ట్ దానికి ఒక సాధనం. ఒకచోట ఆ సాధనమే లక్ష్యానికి అడ్డమైతే దానిని పక్కన పెట్టడంలో అసంగతం లేదు.

సంస్థ అన్నింటికీ ఒకే మార్పు చేయలేదన్నది మరొక ముఖ్యాంశం. ఫార్మాట్‌ను అమలుచేసే లైబ్రరీలు బీఎస్‌డీ కిందికి వచ్చాయి. వాటిపై నిర్మించిన వోర్బిస్ టూల్స్ అనే వినియోగ ప్రోగ్రాములు మాత్రం జీపీఎల్ కింద ఉన్నాయి. ఫార్మాట్‌తో ముడిపడినదానికి ఒక నీతి, సాధారణ ప్రోగ్రాముకు మరొక నీతి అన్న విచక్షణ ఇందులో ఉంది.

5. పూర్వపక్షం: తీసుకొని, మార్చి, మూసివేస్తే?

ఈ నిర్ణయానికి బలమైన అభ్యంతరం ఉంది. ఏ షరతూ లేని కోడ్‌ను ఒక పెద్ద కంపెనీ తీసుకొని, ఫార్మాట్‌కు తనదైన చిన్న మార్పు చేసి, ఆ మార్పును రహస్యంగా ఉంచి, తన మార్కెట్ బలంతో దానినే అసలు ప్రమాణంగా చలామణీ చేస్తే? కాపీలెఫ్ట్ ఉంటే ఆ మార్పు బయటపడేది. బీఎస్‌డీలో ఆ రక్షణ లేదు.

ఇది ఊహాజనితమైన భయం కాదు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పుట్టిన కెర్బరోస్ అనే ధ్రువీకరణ ప్రమాణాన్ని విండోస్ 2000లో మైక్రోసాఫ్ట్ అమలుచేసింది. ప్రమాణంలో ఖాళీగా వదిలిన ఒక స్థానాన్ని తన సొంత సమాచారంతో నింపింది. ఆ వివరాలను 2000లో వ్యాపార రహస్య షరతులకు లోబడి ప్రకటించడం వివాదాస్పదమైంది. జావా విషయంలో సన్ మైక్రోసిస్టమ్స్ 1997లో మైక్రోసాఫ్ట్‌పై వేసిన దావా కూడా ప్రమాణంతో పొసగని రూపాంతరం గురించినదే. అది 2001 జనవరిలో రాజీతో ముగిసింది. వోర్బిస్ లైసెన్సు మారింది ఆ మరుసటి నెలలోనే. ఈ రెండింటికీ కార్యకారణ సంబంధం కల్పించనక్కరలేదు. ఆనాటి వాతావరణంలో ఈ ప్రమాదం అందరి కళ్లెదుట ఉన్నదని చెప్పడానికి ఈ ప్రస్తావన చాలు.

అయితే కాపీలెఫ్ట్ ఈ ప్రమాదాన్ని నిజంగా నివారించగలదా అన్నది పరిశీలించాలి. కాపీరైటు వర్తించేది రాసిన కోడ్‌కు. నిర్దేశ పత్రాన్ని చదివి, ఒక్క వాక్యమైనా నకలు చేయకుండా కొత్తగా డీకోడర్ రాసుకొన్న కంపెనీకి పాత కోడ్ లైసెన్సు వర్తించదు. అటువంటి కంపెనీ ఫార్మాట్‌ను వక్రీకరించదలిస్తే ఎల్‌జీపీఎల్ అడ్డుకోలేదు. అంటే కాపీలెఫ్ట్ భారం నమూనా కోడ్‌ను వాడుకొనే చిన్న తయారీదారుపై పడుతుంది. సొంతంగా రాసుకోగల పెద్ద సంస్థపై పడదు. ఎవరి నుండి రక్షణ కావాలో వారికే తగలని షరతు అది.

6. నాలుగు అంచెల విభజన

మరి ఫార్మాట్ సమగ్రతను కాపాడేది ఏది? జిఫ్ సంస్థ ఏర్పాటును విశ్లేషిస్తే నాలుగు అంశాలు, నాలుగు వేర్వేరు పద్ధతులు కనిపిస్తాయి.

మొదటిది పత్రం. వోర్బిస్ ఫార్మాట్ నిర్దేశాన్ని సంస్థ సార్వజనికంగా ప్రకటించింది. ఎవరైనా దాని ఆధారంగా ప్రోగ్రాము రాసుకోవచ్చు. అయితే నిర్దేశాన్ని నిర్ణయించే హక్కునూ, ఒక అమలు దానికి అనుగుణంగా ఉందని ధ్రువపరిచే హక్కునూ సంస్థ తనవద్ద ఉంచుకొంది.

రెండవది కోడ్. దానికి బీఎస్‌డీ. నమూనా కోడ్‌ను వాడడం సొంతంగా రాసుకోవడం కంటే సులభమైతే, తయారీదారు సహజంగా దానినే వాడతాడు. అందరూ ఒకే కోడ్ వాడినప్పుడు ఫార్మాట్ ఏకరూపంగా ఉంటుంది. వక్రీకరించే స్వేచ్ఛ ఇచ్చిన లైసెన్సే, వక్రీకరించవలసిన అవసరాన్ని తగ్గిస్తోందన్నమాట.

మూడవది పేటెంటు. పేటెంటు రుసుము అవసరంలేని పద్ధతులతోనే ఫార్మాట్‌ను నిర్మించామన్నది సంస్థ వైఖరి. అయితే ఇతరుల చేతిలోని పేటెంట్లకు తాను లైసెన్సు ఇవ్వడం ఏ సంస్థకూ సాధ్యం కాదు.

నాలుగవది పేరు. మార్చినదానిని మార్చినవారు ఏ పేరుతోనైనా పిలుచుకోవచ్చు. దానిని వోర్బిస్‌గా ధ్రువీకరించవలసిన అవసరం సంస్థకు లేదు. ప్రోగ్రాముల లోకంలో మార్పు ఒక హక్కు. ఫార్మాట్ల లోకంలో పేరు మార్చకుండా చేసే మార్పు మోసానికి దగ్గరవుతుంది, ఎందుకంటే ఆ పేరును నమ్మి ఫైలు అందుకొన్నవాడు దానిని తెరవలేడు.

వీటికి తోడు సాంకేతిక నిర్మాణం కూడా లైసెన్సు పనిలో కొంత చేసింది. వోర్బిస్‌లో స్థిరపరచినది డీకోడర్ ప్రవర్తనను మాత్రమే. ధ్వనిని విప్పడానికి కావలసిన సంకేత పట్టికలు ప్రతి ప్రవాహం ఆరంభంలోని శీర్షికలలోనే ప్రయాణిస్తాయి. కనుక ఎన్‌కోడర్‌ను ఎవరు ఎంత మెరుగుపరచినా పాత డీకోడర్లు చదవగలవు. జపాన్‌కు చెందిన ఒక అభివృద్ధికారుడు చేసిన మెరుగుదలలు 2004లో 1.1 సంచిక ద్వారా మూల లైబ్రరీలో చేరడం దీనికి నిదర్శనం. మార్పులను పంచాలన్న నిర్బంధం లేకపోయినా పంచుకోవడం జరిగింది. మార్పు జరిగినా ఫార్మాట్ చీలిపోలేదు.

7. ఫలితాలు, పరిమితులు

2002 సెప్టెంబరులో, దశాంశ గణిత సామర్థ్యం లేని చిన్న చిప్పుల కోసం ట్రెమర్ అనే డీకోడర్ బీఎస్‌డీ లైసెన్సుతోనే విడుదలైంది. ఐరివర్, కొవాన్, శాంసంగ్ వంటి సంస్థల పాటల పెట్టెలలో వోర్బిస్ చోటుచేసుకొంది. కంప్యూటర్ ఆటల నిర్మాతలు దీనిని విరివిగా వాడారు. అన్‌రియల్ టోర్నమెంట్ 2003, మైన్‌క్రాఫ్ట్ అందుకు ఉదాహరణలు. ఆండ్రాయిడ్ ఫోన్లలో రింగ్‌టోన్లు ఓగ్ ఫైళ్లుగా వచ్చాయి. స్పాటిఫై తన పాటల ప్రసారానికి వోర్బిస్‌ను ఎంచుకొంది. వీటిలో చాలావరకు యాజమాన్య ఉత్పత్తులే. మూసి ఉన్న ఇళ్లలోకి తెరిచి ఉన్న ఫార్మాట్ ప్రవేశించింది.

ఈ వ్యాప్తి అంతా లైసెన్సు ఫలమేనని చెప్పడం సరికాదు. ధ్వని నాణ్యత, రుసుము లేకపోవడం కూడా కారణాలే; వీటిలో దేని వాటా ఎంతో విడదీయలేము. ఎల్‌జీపీఎల్ కింద ఉండి ఉంటే చిప్పులలో ప్రవేశం కష్టమయ్యేదని మాత్రం ఆ లైసెన్సు షరతులే చెబుతున్నాయి.

పరిమితులూ అంతే స్పష్టం. అత్యధిక ప్రజాదరణ పొందిన ఐపాడ్‌లో వోర్బిస్‌కు ఎన్నడూ చోటు దక్కలేదు. 2007లో హెచ్‌టీఎమ్‌ఎల్ 5 ముసాయిదాలో వీడియోకు ఓగ్ థియోరా, ధ్వనికి ఓగ్ వోర్బిస్ వాడాలన్న సిఫారసు ఉండేది. నోకియా, ఆపిల్ వంటి సంస్థల అభ్యంతరాల నేపథ్యంలో అదే ఏడాది డిసెంబరులో దానిని తొలగించారు. ఎప్పుడో బయటపడవచ్చునన్న అజ్ఞాత పేటెంట్ల భయం ఆ చర్చలో ప్రధానాంశం. కోడ్‌కు ఎంత ఉదారమైన లైసెన్సు ఇచ్చినా ఈ భయాన్ని అది తీర్చలేదు. లైసెన్సు మాట ఇచ్చేవాని హక్కుల మేరకే చెల్లుతుంది.

8. తరువాతి ఆచరణపై ప్రభావం

2001 నాటి విభజన తరువాతి ఫార్మాట్లలో పునరావృతమైంది. నష్టంలేని ధ్వని సంపీడనానికి వాడే ఫ్లాక్ 2003 జనవరిలో జిఫ్ సంస్థలో చేరినప్పుడు దాని లైబ్రరీలు కూడా ఎల్‌జీపీఎల్ నుండి బీఎస్‌డీకి మారాయి. 2010 మేలో గూగుల్ వీపీ8 వీడియో ఫార్మాట్‌ను విడుదల చేసింది. తొలి లైసెన్సులో పేటెంటు షరతును కాపీరైటు లైసెన్సుతో కలిపివేయడం వల్ల అది జీపీఎల్‌తో పొసగలేదు. కొద్ది వారాలకే, జూన్‌లో, కోడ్‌కు శుద్ధమైన బీఎస్‌డీని, పేటెంట్లకు వేరే అనుమతి పత్రాన్ని ఇచ్చి సరిదిద్దుకొన్నారు. రెండు ప్రశ్నలకు ఒకే పత్రంలో సమాధానం ఇవ్వబోతే కలిగే చిక్కుకు ఇది మంచి నిదర్శనం.

ఈ విచక్షణ పరిపక్వమైన రూపం 2012 సెప్టెంబరులో ఇంటర్నెట్ ఇంజనీరింగ్ టాస్క్ ఫోర్స్ ప్రచురించిన ఓపస్ ప్రమాణంలో కనిపిస్తుంది. ఇందులో నమూనా సోర్సు కోడ్ ప్రమాణంలో అంతర్భాగం. దాని లైసెన్సు బీఎస్‌డీ. పేటెంట్లు గల భాగస్వామ్య సంస్థలు రుసుము లేని అనుమతులను విడిగా ప్రకటించాయి. పత్రం విషయం మరింత ఆసక్తికరం. ఆ సంస్థ ప్రచురణల సాధారణ షరతులు పాఠాన్ని మార్చి తిరిగి ప్రచురించడాన్ని అనుమతించవు. అందువల్లనే డెబియన్ పంపిణీ వాటిని స్వేచ్ఛా రచనలుగా పరిగణించదు. ఓపస్ పత్రంలో మాత్రం ప్రత్యేక వాక్యం చేర్చారు. పాఠాన్ని తీసుకొని మార్చి ఏ ప్రయోజనానికైనా ప్రచురించవచ్చు. అయితే ఆ మార్చిన రచన అసలు ప్రమాణంలో భాగమని భ్రమింపజేయరాదు. పత్రం, కోడ్, పేటెంటు, పేరు అనే నాలుగు అంచెలూ ఇక్కడ పక్కపక్కన కనిపిస్తాయి.

సిద్ధాంతపక్షం కూడా దీనిని అంగీకరించింది. నియంత్రిత ఫార్మాట్లతో పోటీపడే స్వేచ్ఛా ప్రమాణాలను అమలుచేసే లైబ్రరీలకు కాపీలెఫ్ట్ కాక అపాచీ 2.0 లైసెన్సును వాడవలసిందిగా ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ తన మార్గదర్శకాలలో సూచించింది. అందుకు వోర్బిస్‌నే ఉదాహరణగా పేర్కొంది. బీఎస్‌డీకి బదులు అపాచీని చెప్పడంలో అర్థముంది. కోడ్ అందించినవారు తమ పేటెంట్లపై కూడా అనుమతి ఇచ్చే నిబంధన అందులో ఉంది. 2001 నిర్ణయంలోని లోటును పదేళ్ల అనుభవం ఈ విధంగా పూరించింది.

9. భారతీయ సందర్భం

భారత ప్రభుత్వం 2010 నవంబరులో ప్రకటించిన ఈ-పరిపాలన బహిరంగ ప్రమాణాల విధానం ఈ ప్రశ్నను నేరుగా ఎదుర్కొంది. ప్రమాణ పత్రం ఉచితంగానో నామమాత్రపు రుసుముతోనో లభించాలి. అమలుకు తప్పనిసరైన పేటెంట్లు ప్రమాణం మనుగడలో ఉన్నంతకాలం రుసుము లేకుండా అందుబాటులో ఉండాలి. లాభాపేక్షలేని సంస్థ దానిని నిర్వహించాలి. పత్రమూ, పేటెంటూ, నిర్వహణాధికారమూ వేర్వేరు అంశాలుగా ఇందులో గుర్తింపు పొందాయి. భారతీయ భాషలన్నింటిలో వాడుకకు అనువుగా ఉండాలన్న అంశాన్ని కూడా ఈ విధానం చేర్చింది. సొంత ఫాంట్ల సంకేతాలలో చిక్కుకొన్న పాఠాల అనుభవం గల తెలుగు పాఠకునికి ఈ నిబంధన విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

తెలుగువారు నిత్యం వాట్సాప్‌లో పంపుకొనే స్వర సందేశాలు ఓగ్ సంచిలో ఓపస్ ధ్వనిగా ప్రయాణిస్తాయి. వాట్సాప్ యాజమాన్య సాఫ్ట్‌వేర్. అందులోని ధ్వని ఫార్మాట్ బహిరంగం. ఆ సందేశాన్ని ఫైలుగా భద్రపరచుకొంటే రేపు మరొక ప్రోగ్రాములో వినవచ్చు. జానపద గాథలను, మాండలిక సంభాషణలను సేకరించి దాచే పరిశోధకునికి ఇది చిన్న సౌకర్యం కాదు.

10. ముగింపు

ఎంపీ3 పేటెంట్ల లైసెన్సు కార్యక్రమం 2017 ఏప్రిల్‌లో ముగిసింది. వోర్బిస్ ఏ శత్రువును ఎదుర్కొనడానికి పుట్టిందో ఆ శత్రువే కాలక్రమంలో స్వేచ్ఛ పొందింది. కనుక వోర్బిస్ అవసరం తీరిపోయిందని అనిపించవచ్చు. కాని 1998 నుండి 2017 వరకు గడిచిన కాలం దాదాపు రెండు దశాబ్దాలు. ఆ కాలంలో ధ్వనిని స్వేచ్ఛగా నిలుపుకోదలచినవారికి ఒక మార్గం తెరిచి ఉంచడమే వోర్బిస్ చేసిన మేలు. లైసెన్సు విషయంలో అది నేర్పిన విచక్షణ ఓపస్‌కు వారసత్వంగా అందింది.

ఈ పరిశీలన నుండి తేలే అంశాలు మూడు. ఒకటి, ఫార్మాట్‌కు లైసెన్సు ఎంచుకోవడమంటే ఒక పేరును ఎంచుకోవడం కాదు. నాలుగు అంశాలకు నాలుగు నిర్ణయాలు చేయడం. రెండు, కోడ్‌ను కాపాడే షరతు ఫార్మాట్‌ను కాపాడలేదు. దానిని కాపాడేవి స్థిరమైన నిర్దేశం, పేరు మీద నిగ్రహం, సులభంగా అందే నమూనా కోడ్. మూడు, ఏ లైసెన్సూ మూడవ వ్యక్తి పేటెంటుకు సమాధానం కాదు. దానికి రూపకల్పన దశలోనే జాగ్రత్త, భాగస్వాముల నుండి లిఖితపూర్వక అనుమతి అవసరం. కోడ్ విషయంలో నిర్మాతలు తమ పట్టును సడలించుకొన్నారు. ఫార్మాట్ అర్థం విషయంలో సడలించలేదు. ఏది వదలాలో ఏది నిలుపుకోవాలో గుర్తించిన ఈ వివేకమే 2001 ఫిబ్రవరి నిర్ణయానికి చరిత్రలో స్థానం కల్పిస్తోంది.